ఇరవై ఒక్క ఆకుల మామ్మ

మా కాలనీకి వినాయక చవితి పత్రి తెచ్చే మామ్మ పోయిందని గురువారం ఆవిడ కూతురు ఎలమంచిలి నుంచి ఫోన్ చేసింది. నేను దీపం పెట్టి అప్పుడే లేచాను. "అమ్మ ఎల్లిపోనాది" అని చెప్పి, ఇంకా నలుగురికి చెప్పాలంటూ పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసింది ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

గాజువాక దాటాక మా కాలనీ, దాని వెనక చిన్న కొండ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కొండ మీద రేగు, పరికి, బలుసు, మారేడు, వావిలి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. కింద పారే గెడ్డ పక్కన రెండు మద్దిచెట్లు. చవితి ముందురోజు మామ్మ చీకటితో కొండెక్కి, పెరళ్లు కూడా తిరిగి, ఇరవై ఒక్క రకాల ఆకులూ ఇంటింటికీ విడిగా కట్టి తెచ్చేది. పూజ పుస్తకంలో సంస్కృతం పేరు నేను చదివితే, ఆకు ఆవిడ తీసి చూపించేది. నాకు దేవుడి ఆకులన్నీ నేర్పింది ఆవిడే. "పేరు తెలీకుండా ఏ ఆకూ కొయ్యకమ్మా, దానికీ కోపమొత్తాది" అనేది.

నోరు మాత్రం మెత్తన కాదు. రేగుముల్లు గుచ్చుకుందని ఒకావిడ విసుక్కుంటే, పిలాస్టిక్కు ఆకులు కొనుక్కోమని గడప దిగింది.

పదేళ్ల కిందట కార్తీకమాసంలో చెట్లు నాటితే పుణ్యమని మా భజన బృందం అనుకుంది. ఎవరో దాత లారీ నిండా ఆస్ట్రేలియా తుమ్మ మొక్కలు పంపారు. తొందరగా ఎదుగుతాయి, మేకలు ముట్టవు అన్నారు. నాటడానికి చోటు కావాలి కదా. కొండ మీద తుప్పలు కొట్టిద్దామని మొదట అన్నది నేనే. కొబ్బరికాయ కొట్టి మరీ మొదలుపెట్టాం. లారీ తిరగడానికి అడ్డమని మద్దిచెట్లు కూడా తీయించాం.

మామ్మ రొప్పుతూ వచ్చింది.

"ఏటి సేత్తన్నారమ్మా? సెట్లు నాటడానికి సెట్లు కొట్టేత్తన్నారా?"

ఇవి చెట్లు కావు, పిచ్చి మొక్కలని బృందం పెద్దావిడ నవ్వింది.

"పిచ్చి మొక్కలైతే ఏటేటా మీ ఇనాయకుడికి పెడతన్నదేటి?"

బేరం పోతుందని ముసలమ్మ బెంగ అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను.

మూడేళ్లకి కొండ నిండుగా పచ్చబడింది. ఫొటోలు తీసుకున్నాం. దగ్గరికి వెళితే చెట్ల కింద ఏమీ లేదు. కొడవళ్లలాంటి ఎండుటాకులు మడమ లోతున పేరుకుని, వాటిలోంచి మళ్లీ ఆ తుమ్మ మొలకలే లేచేవి. నరికిన బలుసు, వావిలి మోళ్లు రెండేళ్లు చిగురు వేసి చూశాయి. తర్వాత మానేశాయి.

మామ్మ కట్ట ఏడాదికేడాది సన్నబడింది. ఒక్కో ఆకు కోసం ఒక్కో ఊరు పోయేది. పోయిన చవితికి నేను పుస్తకం పట్టుకుని లెక్కపెట్టాను. ఇరవై ఉన్నాయి. గట్టిగా మాట్లాడడం నాకు రాదు. మెత్తగానే అన్నాను.

"మామ్మా, మద్ది లేదు. పూజకి లోటు కదా."

"ఉన్నయ్యే పెట్టమ్మా. ఆయన లెక్కెట్టడు."

నేను కట్ట అందుకోలేదు. ఆవిడ కట్ట గడప మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే మద్దాకు కోసం అనకాపల్లి అవతల ఏటిగట్టు ఎక్కబోయి, బురదలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. మర్నాడు ఆ సంగతి తెలియక, గడప మీది ఇరవై ఆకులతోనే నేను పూజ చేసుకున్నాను. దొరకని ఆకుకు బదులు అక్షింతలు వేయవచ్చని పుస్తకం చివరి పేజీలో ఉంది. పూజయ్యాక చూశాను.

మామ్మ మంచాన పడ్డాక, చూడడానికి ఎలమంచిలి కూతురింటికి వెళ్లాను. మందులకి నొప్పి తగ్గడం లేదు. మన కొండ మీది వావిలాకు కాచి ఆ నీళ్లు పోస్తే చాలంది. ఇంకేమీ అడగలేదు. మర్నాడు పొద్దుటి నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా కొండంతా తిరిగాను. ఒక్క రెమ్మ లేదు. చివరికి వన్ టౌన్‌లో మూలికల కొట్లో వావిలి పొడి పొట్లం కొని పట్టుకెళ్లాను. మన కొండదే మామ్మా, ఎండబెట్టి దంచాను అని చెప్పాను.

ఆవిడ కొంచెం అరచేతిలో వేయించుకుంది. రెండు చేతులూ రుద్ది వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ చెయ్యి ఎత్తి నా ముక్కు దగ్గర పెట్టింది.

"నువ్వు సూడమ్మా. నాను ముసిల్దాన్ని, ముక్కు పోయుంటాది."

పీల్చాను. దుమ్ము తప్ప మరేమీ లేదు.

"వస్తోంది మామ్మా" అన్నాను.

ఆవిడ చెయ్యి తియ్యలేదు.