బల్ల మీద బేకరీ రొట్టె

మా పెద్దమ్మ ఎలీసమ్మ ఇంట్లో ఒక పెనం ఉంది. దాని మీద అట్టు వేయరు, చపాతీ కాల్చరు. ప్రతి నెలా మొదటి ఆదివారం మా మందిరంలో ప్రభువు బల్ల, అంటే క్రీస్తు శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన, ఉంటుంది. ఆ బల్లకు కావలసిన పులియని రొట్టె ఒక్కటే ఆ పెనం మీద కాలుతుంది. అమలాపురంలో హాస్టల్ ఆయాగా పనిచేసిన రోజుల్లో కూడా ఆ ముందు శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరొచ్చేసేది, పిండి కలపడానికి. పెదనాన్న పోయిన నెల కూడా మానలేదు. రిటైరయ్యాక ఆమెకు మిగిలిన గౌరవం అదే, ఆమె కోరుకున్నదీ అదే.

ఆమె అంత నిష్ఠగా చేసే పని ఇంకొకటుంది, ఓటు వేయడం. ఆమె తండ్రి కూలికి వెళ్లిన కాలంలో ఆసామి ఏ గుర్తు చెబితే దాని మీదే ముద్ర వేసేవాడట. వేసి వచ్చి ఆ పూట అన్నం ముట్టేవాడు కాదట. అందుకే పెద్దమ్మ పోలింగు రోజు తెల్లారే తలస్నానం చేసి మోకరిస్తుంది. ఎవరు గెలవాలో దేవుడికి చెప్పదు. భయం లేకుండా వేసే మనసిమ్మని అడుగుతుంది. ఎవరికి వేసిందో మాకెప్పుడూ చెప్పలేదు.

మొన్నటి పంచాయతీ ఎన్నికలకు ముందు శనివారం మా సంఘపెద్ద ఏసుదాసు ఆమె ఇంటికి వచ్చాడు. నేను అక్కడే కూర్చుని బల్లకి ద్రాక్షపళ్లు కడుగుతున్నాను.

"ఈసారి రొట్టె కొంచెం ఎక్కువ చెయ్యాలండి ఎలీసమ్మగారూ. అందరూ వస్తారు."

"ఏంటండి విశేషం?"

"సర్పంచికి నిలబడ్డ మాణిక్యాలరావుగారు మందిరానికి గ్రానైటు వేయిస్తానన్నారండి. మనోళ్ల ఓట్లు అటూ ఇటూ పోకుండా, రొట్టె తీసుకునే ముందు ఒక్కొక్కళ్ల చేత ఆయనకే వేస్తామని మాట తీసుకుందామని పాస్టరుగారూ మేమూ అనుకున్నామండి. బల్ల ముందు ఇచ్చిన మాట ఎవరు తప్పుతారండి?"

నిజమే, ఎవరూ తప్పరు. అయోగ్యంగా ఆ రొట్టె తింటే శిక్ష తప్పదని చిన్నప్పటినుంచీ విన్నవాళ్లం. ఆ భయంతోనే మమ్మల్ని కట్టేద్దామనుకున్నారు.

పెద్దమ్మ "ఆయ్" అని ఒప్పుకోలేదు. "మా నాన్నకి ఆసామి కూలి లేకుండా చేస్తానని బెదిరించేడండి. మీరు ఏకంగా ప్రభువునే చూపించి బెదిరిస్తన్నారు" అని మాత్రం అంది. ఏసుదాసు నవ్వేసి, "మన మంచికేనండి" అంటూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ రోత.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. పళ్లెం ఖాళీగా ఉంది, కప్పుల్లో ద్రాక్షరసమూ లేదు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"రొట్టె చెయ్యలేదండి. ప్రభువు పేరు మీదైతే చేస్తాను. మాణిక్యాలరావుగారి పేరు మీద చెయ్యను."

సిగ్గుపడతారనుకున్నాను. సిగ్గా, వీళ్లకా? ఏసుదాసు సైగ చేశాడు. ఎవరో బండి మీద సెంటర్‌కి వెళ్లి, బేకరీ రొట్టె ప్యాకెట్లు, ద్రాక్షరంగు కూల్‌డ్రింకు సీసాలు తెచ్చారు. ఆ తీపి రొట్టెనే ముక్కలు చేసి పళ్లెంలో పరిచారు. బుడగలు ఇంకా పైకి వస్తుండగానే కూల్‌డ్రింకు చిన్న కప్పుల్లో పోశారు. జనం వరసగా వెళ్లి, మాటిచ్చి, మింగి వచ్చారు. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చినవాళ్లు, అందరూ. పెద్దమ్మా నేనూ కూర్చున్నచోటే ఉండిపోయాం.

ఆ మధ్యాహ్నమే ఆమెను రొట్టె పని నుంచి తప్పించామని కబురొచ్చింది. ఆమె పెనం తుడిచి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టింది. పెట్టి, చాలాసేపు ఏడ్చింది.

పోలింగు రోజు క్యూలో మా ముందు టీచరు విజయకుమారి నిలబడింది. ఆవిడా మా సంఘమే. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"పిన్నిగారూ, ఆ రోజు పెట్టింది పులిసిన రొట్టె కదండీ. మరి దాని మీద ఇచ్చిన మాట చెల్లదు కదండీ?"

వెనకున్న ఆడవాళ్లు మాటలాపేసి ఇటే చెవులు వేశారు. అందరి బెంగా అదేనన్నమాట. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, రొట్టెలో ఈస్టు ఉందో లేదో చూసుకుని ఓటేస్తుందట. పెద్దమ్మ ముఖం ఏసుదాసు వచ్చిన రోజుకంటే ఎక్కువ ముడుచుకుంది.

"చెల్లదంటే ఒకళ్లకి వేస్తావు, చెల్లుద్దంటే ఇంకొకళ్లకి వేస్తావు. నీ అంతట నువ్వు ఎప్పుడు వేస్తావమ్మా?"

విజయకుమారి ఓటరు చీటీ సర్దుకుని ముందుకు జరిగింది.

మాణిక్యాలరావు గెలిచాడు. మందిరంలో గ్రానైటు పడింది. ముసలివాళ్లు దాని మీద జారతామేమోనని గోడ పట్టుకుని నడుస్తున్నారు. బల్ల మీద బేకరీ రొట్టె ఏమిటని వాళ్లే సణగడం మొదలుపెట్టాక పాస్టరుగారు స్వయంగా పెద్దమ్మ ఇంటికి వచ్చారు.

"జరిగిందేదో జరిగిపోయిందమ్మా. వచ్చే నెల నుంచి రొట్టె మీరే చెయ్యండి."

పెద్దమ్మ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది.

"చేస్తానండి. మీరు చేసింది తప్పని ఆ బల్ల ముందు నిలబడి సంఘానికి ఒక్కసారి చెప్పండి. ఆ రోజే పెనం దింపుతాను."

ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయారు. అది జరిగి నెలలు గడిచాయి. మా సంఘం ఇంకా బేకరీ రొట్టే తింటోంది.