ఎర్ర మూత, నారింజ మూత

మా అవ్వకు, అంటే మా అమ్మకు, షుగర్ జబ్బు. బోధన్‌లో మా ఇంట్లో రోజూ పొద్దున ఆమెకు ఇన్సులిన్ వేసేది నేనే. ఎర్ర మూత సిరంజిలో ఇరవై గీత దాకా మందు తీయాలి. చాలాకాలం అలాగే నడిచింది. అవ్వ బాగానే ఉండేది.

ఒకసారి మందుల దుకాణంలో ఎర్ర మూతవి అయిపోయాయని నారింజ మూతవి ఇచ్చారు. గీతలు దగ్గర దగ్గరగా కనిపించి అడిగాను.

"సూది సూదే కదక్కా. ఇరవై అంటే ఇరవయ్యే, తీస్కపో" అన్నాడు దుకాణాయన.

అప్పటినుంచే అవ్వకు షుగర్ పెరిగింది. ఒకటే దాహం, కాళ్లు తిమ్మిర్లు. డాక్టరు రిపోర్టు చూసి, బయట కూర్చున్నవాళ్లకూ వినబడేలా అరిచాడు.

"దొంగతనంగా ఏం తింటున్నావమ్మా? చెరుకు ఊళ్లో ఉన్నావని బెల్లం బుక్కుతున్నావా?"

"నేనేం తింటలేను సారూ. నా బిడ్డనడుగుండ్రి."

ఆయన నన్ను అడగలేదు. మందు ముప్పై అయిదుకు పెంచి పంపాడు. అవ్వ అన్నం సగానికి తగ్గించింది. పక్కింటావిడ ప్రసాదం తెస్తే, "వద్దు తల్లీ, దొంగనంటరు" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

తర్వాత పనిమీద నిజామాబాద్ పోయినప్పుడు అక్కడ మళ్లీ ఎర్ర మూత సిరంజిలు దొరికాయి. మర్నాడు వాటితోనే ముప్పై అయిదు వేశాను. కాసేపటికి అవ్వకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికి, పొయ్యి ముందరే ఒరిగిపోయింది. ఇంకా మింగగలుగుతోంది కాబట్టి చక్కెర నీళ్లు తాగించాను. ఆమె తేరుకుని నన్ను గుర్తుపట్టే దాకా నాలో నేను లేను.

ఆ రోజే రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టాను. ఎర్ర మూతదానితో ఇరవై గీత దాకా నీళ్లు తీసి గిన్నెలో వదిలి, అవే నీళ్లు నారింజ మూతదానితో పీల్చాను. యాభై గీతకు వచ్చాయి. ఇన్నాళ్లూ ఇరవై అనుకుని నేను వేసింది అందులో సగం కూడా కాదు! అవ్వ ఏమీ తినలేదు. ఆమెకు మందే అందలేదు.

అవ్వను వెంటబెట్టుకుని పోయి, ఆ రెండు సిరంజిలూ డాక్టరు బల్లమీద పెట్టాను.

"మీ మందు మిల్లీలీటరుకు నలభై యూనిట్ల రకం, ఈ నారింజ మూత సిరంజి వంద యూనిట్ల మందుకు చేసిన రకం. కొనేటప్పుడు చూసుకోవద్దా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది.

"మాకెవలు చెప్పిండ్రు సారూ? చీటీ మీరు రాస్తిరి, సిరంజి ఆయన అమ్మె. మా అవ్వనేమో అందరి ముంగట దొంగను చేస్తిరి."

"షుగర్ పెరిగితే ముందు తిండి గురించే అడుగుతాం."

"సూది గురించి గూడ అడుగుండ్రి!"

ఆయన మందు ఇరవైకి తగ్గించి రాసి, తర్వాతి మనిషిని పిలిచాడు. అవ్వతో ఒక్క మాట కూడా అనలేదు. దుకాణాయన అయితే, "కంపెనీ పంపిందే అమ్ముతం" అన్నాడు. అతను ఆ రెండు రకాలనూ వేరువేరు అరల్లో సర్దే దాకా నేను అక్కడినుంచి కదల్లేదు.

అవ్వ షుగర్ తగ్గింది. కాళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. బజారులో నడుస్తుంటే చెప్పు జారిపోయినా ఆమెకు తెలిసేది కాదు. వెనక్కి వెళ్లి ఆ చెప్పు తీసుకొచ్చిన ప్రతిసారీ నాకు ఆ డాక్టరు మీదా, దుకాణాయన మీదా కోపం కొత్తగా వచ్చేది.