దగ్గి లోపలికొచ్చే మా అవ్వ

మా అవ్వ పోయింది. నాయనను కన్నతల్లి. ధర్మవరంలో పొద్దున్నే కాఫీలో చక్కెర తక్కువైందని మా అమ్మతో తగువు పెట్టుకుని, ఆ తగువు తేలకముందే పోయింది. హిందూపురం హాస్టల్లో టెలిగ్రాం చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పాఠకులు దయచేసి తొందరపెట్టకండి.

మా నేతగాళ్ల ఇంట్లో ఒక చట్టం ఉండేది. తనను కన్నతల్లి ఎదుట మగవాడు తన బిడ్డను ఎత్తుకోకూడదు, ముద్దు చేయకూడదు. పెద్దల ముందు అది మర్యాద కాదు. మగ్గం పక్కనే పడి నేను గుక్కపెట్టి ఏడుస్తున్నా నాయన చేతిలో పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగేది కాదు. అవ్వ వచ్చి ఎత్తుకోవాల్సిందే.

ఆ చట్టానికి సందు పెట్టింది కూడా అవ్వే. సాయంత్రం కాగానే వీధంతా వినబడేలా ప్రకటించేది: "రేయ్ అబ్బోడా, నేను పక్కింటికి పోతాండా. బిడ్డ ఏడిస్తే నువ్వే చూసుకో, నాకు తెల్దు."

పక్కింట్లో ఆమెకు ఏ పనీ లేదు. ఆ ఇంటామె మొన్న కర్మల రోజున చెప్పింది. "ఏమక్కా, దినామూ వస్తాండావు, నీకు ఇల్లు లేదా?" అని ఎగతాళి చేస్తే, అవ్వ అనేదట: "ఉండాది లేమ్మే. ఆడ నా కొడుకు నాయనైతాండాడు, రోంతసేపు కానీ."

ఆ రోంతసేపట్లో నాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పట్టుదారం పోగులతో నాకు మీసాలు పెట్టి నవ్వేవాడు. గడప అవతల దగ్గు వినబడేది. వెంటనే నేను నేలమీద, ఆయన మగ్గంలో. అవ్వకు జలుబు చేయగా మాత్రం నేనెన్నడూ చూడలేదు.

కర్మలయ్యాక నాయనా నేనూ ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరి ముందు మర్యాద పాటించాలో ఆ మనిషి లేదు. ఎత్తుకుందామంటే నేను ఆయనకన్నా జానెడు ఎత్తు.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నా నాయనా."

ఇద్దరం ఒకే పంక్తిలో తిన్నాం.

నన్ను హిందూపురం రైలెక్కించడానికి స్టేషన్‌కు వచ్చాడు. రైలు కదులుతుండగా తనూ ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు.

"యాడికి నాయనా?"

"పెనుకొండలో పనుండాది."

పెనుకొండలో మాకెవరూ లేరు. ఆ ఊరొచ్చింది. జనం దిగారు. నాయన కిటికీలోంచి కొండను చూస్తున్నాడు. రైలు కదిలింది. అప్పుడు లేచి నా పక్కకొచ్చి కూర్చుని, బాగానే ఉన్న నా చొక్కా కాలర్‌ను సరిచేశాడు. చెయ్యి తీయలేదు.