పన్నెండో ఆకు

ఆ మధ్యాహ్నం వసారాలో ఎనిమిది మందిమి ఉన్నాం. అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, పిన్నమ్మ, వాళ్లమ్మాయి లత, మా మేనత్త, నేను. మూసిన తలుపుకు అవతల, నడిమింట్లో, మనుషులెవరూ లేరు. దీపం, నీళ్ల చెంబు, సాంబ్రాణి పొగ, వరుసగా పరిచి వడ్డించిన పదకొండు విస్తరాకులు ఉన్నాయి. పెరటి తలుపుకు లోపలి నుంచి గడియ వేసి వచ్చింది నేనే. ఉన్న ఒక్క కిటికీకి ఇనప చువ్వలున్నాయి.

ఇదంతా ముందే రాయడానికి కారణముంది. దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను నేనెప్పుడూ ఈ ప్రశ్నలే అడిగేవాణ్ని. ఎవరెవరున్నారు, తలుపులెన్ని, చివరగా చూసిందెవరు. వాళ్లు నీళ్లు నమిలితే నవ్వేవాణ్ని. అలాంటివి నేను నమ్మేవాణ్ని కాదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే ఏం చెప్పాలో తెలియదు. అడగాల్సిన ప్రశ్నలన్నీ నన్ను నేనే అడిగి చూసుకున్నాను. నా దగ్గరా జవాబు లేదు.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. గోదాముల్లో రాసుకున్న సరుకుకూ ఉన్న సరుకుకూ పొంతన కుదరకపోతే తేడా ఎక్కడొచ్చిందో పట్టుకునే పని. మా ఊరు మార్కాపురం నుంచి తర్లుపాడు వైపు వెళ్లే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్తే వస్తుంది.

మా వంశం చార్టు తయారుచేయాలని నాకే బుద్ధి పుట్టింది. ఊరికి వెళ్లినప్పుడల్లా అవ్వ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేసేవాణ్ని. నాయనకు తల్లి ఆమె. చూపు బాగా తగ్గిపోయింది, చేయి పట్టుకుంటే తప్ప నడవలేదు, కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగితే తడుముకోకుండా చెప్పేది. నా దగ్గర నాలుగు ప్రశ్నలు ఉండేవి. పేరు, ఎవరి సంతానం, ఎవరితో పెళ్లి, ఎప్పుడు పోయారు. అవ్వ వీటికి జవాబు చెప్పి ఊరుకునేది కాదు. ఫలానా ఆమెకు గాజులంటే పిచ్చి, ఫలానా ఆయన గొర్రెల మంద దగ్గర నిద్రపోతూ గురక పెడితే కుక్కలు మొరిగేవి, ఇలా సాగేది. నేను ఫోను ఆపేసి, "అది వద్దులే అవ్వా, తర్వాతి పేరు చెప్పు" అనేవాణ్ని.

చార్టు కుటుంబం గ్రూపులో పెట్టినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. గిద్దలూరులో, కనిగిరిలో ఉన్న చుట్టాలు తమ పేర్లు వెతుక్కుని ఫోన్లు చేశారు. చిన్నాయన అయితే మార్కాపురంలో ఫ్లెక్సీ కొట్టించి వసారాలో వేలాడదీశాడు.

మహాలయ అమావాస్యకు మా ఇంట్లో పెద్దలకు పెడతారు. పోయినవాళ్లకు మనిషికొక ఆకు వేసి, వడ్డించి, తలుపు దగ్గరికి వేసి అందరం బయటికి వచ్చేస్తాం. వాళ్లు వచ్చి తిని పోతారని నమ్మకం. కాసేపాగి తలుపు తట్టి తీస్తాం. మా భోజనాలు ఆ తర్వాతే.

నా చిన్నప్పటి నుంచీ ఆకులు పన్నెండు. పదకొండు వరుసలో ఉండేవి. పన్నెండోది విడిగా, గడప పక్కన. అందులో అన్నం, పూర్ణం ఓళిగలు పెట్టరు. జొన్న సంగటి ముద్ద, ఒక ఉల్లిగడ్డ, అంతే. చార్టులో మాత్రం, ఆకు వేయాల్సిన వాళ్లు పదకొండు మందే తేలారు.

ఆ పన్నెండో ఆకు ఎవరికని అవ్వను అడిగాను.

"పేరు తెల్దు నాయనా."

"మనకేమవుతుంది?"

"ఏమీ కాదు."

అక్కడితో నా ప్రశ్నలు అయిపోయాయి. ఆధారం లేదు కాబట్టి ఈసారి నుంచి పదకొండు ఆకులే సరైన లెక్క అని గ్రూపులో రాశాను. మెచ్చుకుంటూ బొటనవేలు గుర్తులు చాలా వచ్చాయి. చిన్నాయన ఒక అడుగు ముందుకు వేసి, "ఊళ్లో వాళ్లందరికీ ఆకులేసుకుంటా పోతే మనకేం మిగుల్తాది?" అని పెట్టాడు. అందరూ నవ్వారు. అవ్వ దగ్గర ఫోను లేదు.

పండగ పొద్దున అవ్వ మోదుగాకులు ముందేసుకుని విస్తళ్లు కుట్టింది. కళ్లతో పని లేదు, వేళ్లకే తెలుసు. నేను లెక్కపెట్టి ఒకటి తీశాను. ఆకు గలగల ఆమెకు వినిపించింది.

"ఏంది తీసినావు?"

"ఒకటి ఎక్కువైంది అవ్వా. చార్టులో లేదు కదా."

ఆమె చేతిలోని ఈనె పుల్ల కింద పెట్టింది. తర్వాత, "నాయనా, ఆమెకు ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదురా" అంది. గొంతులో బతిమాలుతున్నట్టుంది. నేను చార్టు ఎలా తయారవుతుందో వివరించడం మొదలుపెట్టాను. సగంలోనే చెయ్యి ఊపింది. "సదువుకున్నోడివి. నీ కాయితంలో లేకుంటే వద్దులే."

ఆ ఆకును తీసుకెళ్లి వసారాలో కరెంటు మీటరు పెట్టె మీద పెట్టాను. సంగటి వండలేదు. ఇంట్లో జొన్నపిండే లేదని అమ్మ తర్వాత చెప్పింది.

తలుపు వేశాక అందరం వసారాలో కూర్చున్నాం. లత మా ఎనిమిది మందీ పడేలా ఒక సెల్ఫీ తీసింది. చిన్నాయన ఫ్లెక్సీలో తన ఫొటో చిన్నదిగా వచ్చిందని సణుగుతున్నాడు. "నీ తలకాయకు అంతకంటే పెద్దది పట్టదులే అన్నా" అని మేనత్త ఎగతాళి చేసింది. అవ్వ నా మణికట్టు పట్టుకుని ఊరికే కూర్చుంది. ఉన్నట్టుండి తల తలుపు వైపు తిప్పింది.

"ఏందమ్మా?" అంది మేనత్త.

"సంగటి వాసన."

"మాయమ్మకు ఆకలైనట్టుంది, తలుపు తీయండయ్యా" అన్నాడు చిన్నాయన.

నాయన తలుపు తట్టి తోశాడు. తలుపు కింద నేల బండ మీద ఏదో గీసుకుపోయిన చప్పుడైంది. గడప పక్కన, లోపలి వైపు, ఒక ఆకు మడిచి ఉంది. తిని లేచినవాళ్లు మడిచినట్టు. వరుసలోని పదకొండు ఆకుల్లో వడ్డించింది వడ్డించినట్టే ఉంది.

అమ్మ ఆ ఆకు విప్పింది. తడిగా ఉంది. వేళ్లతో ఊడ్చి తిన్నాక మిగిలినట్టు జొన్న సంగటి అంటుకుని ఉంది. ఉల్లిగడ్డ పొట్టు కూడా.

నేను వెనక్కి తిరిగి మీటరు పెట్టె చూశాను. దాని మీద ఏమీ లేదు.

"లతా, నీ పనేనా?" అన్నాడు చిన్నాయన. నవ్వుతున్నట్టు అన్నాడు గానీ నవ్వు రాలేదు. లత ఏడ్చింది. నేను పెరటి తలుపు దగ్గరికి వెళ్లాను. గడియ నేను వేసినట్టే ఉంది. లత సెల్ఫీ పెద్దది చేసి చూశాను. ఫొటోలో మా వెనక నడిమింటి తలుపు మూసి ఉంది. చిన్నాయన తల పైన, మీటరు పెట్టె మీద, ఆకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఫొటో తీసిన తర్వాత తలుపు తీసేదాకా మాలో ఎవరూ లేవలేదు. ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఎవరి మాటలోనూ తేడా లేదు.

అవ్వ ఆ ఆకును అడిగి తీసుకుని కళ్లకద్దుకుంది. అప్పుడు చెప్పింది.

అవ్వ అత్త ఈ ఇంట్లో కాపురం చేసే రోజుల్లో, ఒక కరువు ఏట, ఇలాగే పెద్దల అమావాస్య నాడు, దారిన పోయే ఒకామె గడప ముందుకొచ్చి సంగటి పెట్టమని అడిగింది. లోపల ఆకులు వేసి తలుపు మూసి ఉంది. పెద్దలు తినకముందు ఎంగిలి పడకూడదని, "కాసేపు ఆగమ్మా" అని అత్త ఆమెను వసారాలో కూర్చోబెట్టింది. తలుపు తెరిచి సంగటి తెచ్చేసరికి ఆమె గోడకు ఆనుకునే ప్రాణం వదిలింది. ఎవరో, ఏ ఊరో తెలియలేదు. ఆ మరుసటి ఏటి నుంచి ఆమెకు ఆకు వేశారు, బయట కాదు, లోపల. తాను పోయేముందు ఆ అత్త అవ్వ చేత ఒట్టు వేయించుకుంది.

"మరి నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"నువ్వు పేరు అడిగినావు. ఏమవుతాదని అడిగినావు. ఏం జరిగిందని అడగలా."

 అత్తకు వేసిన ఒట్టును అంతకాలం నిలబెట్టుకుని, చివరికి నా మాట మీద ఆమె తప్పింది.

ఆకు సంగతి నాకు అంతుపట్టలేదు. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కాదు. ఆ తర్వాత ఊరికి వెళ్లినప్పుడు అవ్వ పక్కన ఫోను పెట్టుకుని, ఆమె పుట్టింటివాళ్ల గురించి అడిగాను. "గుర్తు లేదు నాయనా" అంది. అదే సాయంత్రం లతకు తన మేనమామ పెళ్లిలో ఎడ్లు బెదిరిన కథ చెబుతుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. నేను గదిలోకి వెళ్లగానే ఆపేసింది. "ఎందుకు ఆపావు?" అని లత అడిగితే, కోపం లేకుండా, మామూలుగానే చెప్పింది.

"మీ అన్న తీసేస్తాడమ్మా."

చార్టులో ఆ సంగటి అడిగినామెకు ఒక గడి పెడదామని ప్రయత్నించాను. పేరు లేకపోయినా చార్టు గీసే సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది. గీత లేకపోతే ఒప్పుకోలేదు. ఎవరికో తల్లి, ఎవరికో భార్య, ఎవరికో కూతురు అని కలపనిదే సేవ్ కాదు. అబద్ధపు గీత గీయడానికి చెయ్యి రాలేదు.

ఈ ఏడు జొన్నపిండి నేనే మార్కాపురం నుంచి తీసుకెళ్లాను. అమ్మ సంగటి కెలికింది. అవ్వ ఆకులు కుట్టింది, నేను లెక్కపెట్టలేదు. గడప పక్కన ఆకు వేసి ముద్ద పెట్టి, తలుపు మూసి బయట కూర్చున్నాం. తీసినప్పుడు ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. అది మంచికో కాదో నాకు తెలియదు. అవ్వను అడిగితే చెప్పేదేమో. నేను అడగలేదు.

చార్టు ప్రకారం ఆకు వేయాల్సింది పదకొండు మందికి. ఆకులు పన్నెండు.