మిల్లు గేటు నాటకం

బట్టల మిల్లులో కాజాలు కుట్టే ఆవిడను అందరూ కేకక్క అనేవారు. మైకు లేకపోయినా ఆమె గొంతు వీధి చివరిదాకా వినపడేది. సమ్మెల రోజుల్లో ఆమె మిల్లు గేటు ముందు నాటకాలు ఆడేది. వేదిక లేదు, తెర లేదు. పది నిమిషాల్లో ముగించి, పోలీసులు వచ్చేలోగా షిఫ్టు దిగే జనంలో కలిసిపోవాలి. ఒకసారి కలవలేకపోయింది. లాఠీ దెబ్బకు ముందు పళ్లు రెండు రాలాయి.

ఆ నాటకాలు రాసింది ఆమె తమ్ముడు, పిన్ని కొడుకు. ఉద్యమం గెలిచి కొత్త ప్రభుత్వం వచ్చాక అతను నాటక శాఖకు అధికారి అయ్యాడు. హాలొచ్చింది, లైట్లొచ్చాయి, ప్రతి మాటకూ ఆమోదముద్ర వచ్చింది. కేకక్కకు మైకిచ్చి "కాస్త మెల్లగా" అన్నారు. నాటకాల్లో దుర్మార్గుడు మొదట యజమాని, తర్వాత పరాయి దేశపు గూఢచారి, చివరికి పనికి ఆలస్యంగా వచ్చే కూలీ. ఆ కూలీ వేషం ఆమెకే ఇచ్చారు. వేసింది. జనం పడీ పడీ నవ్వారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

కొత్త ప్రభుత్వం వచ్చిన తొమ్మిదో ఏడు మిల్లులో పని గంటలు పెంచారు. మళ్లీ సమ్మె మొదలైంది. ఆమె తమ్ముడి ఆఫీసుకు వెళ్లింది.

"ఒరేయ్, గేటు నాటకం మళ్లీ ఆడతాం."

"అది పాత ప్రభుత్వం మీద రాసింది, అక్కా."

"ఒక్క ముక్క మార్చక్కర్లేదురా. అతికినట్టు సరిపోతోంది."

"నా పీక మీదకు తేకు," అన్నాడతను.

ఆడారు. కేకక్కతో సహా ఏడుగురిని పట్టుకెళ్లారు. నాటకాన్ని వక్రీకరించారని తమ్ముడు కోర్టులో సాక్ష్యం చెప్పాడు.

"ఏ మాట మార్చారు?" జడ్జి అడిగాడు.

"మాటలు మార్చలేదండీ. ఇప్పుడు ఆడారు. అదే తప్పు."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. పద్నాలుగు నెలలు జైలు పడింది.

విడుదలయ్యేసరికి ఉద్యోగం ఊడింది. అదే నెలలో ఉద్యమ చరిత్ర మీద శాఖ పెద్ద నాటకం వేస్తూ ఆమెకు ముందు వరుస పాసు పంపింది. "చించి పారెయ్," అన్నాడు భర్త. అయినా వెళ్లింది. వేదిక మీద ఆమె వేషం కట్టిన అమ్మాయి లాఠీ దెబ్బ తిని కూలగానే, పక్క కుర్చీలో తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు. అది నటన కాదు. అదే ఆమె భరించలేకపోయింది. మధ్యలోనే లేచొచ్చేసింది.

మళ్లీ తమ్ముడి ఇంటి గడప తొక్కింది పిన్ని పోయినప్పుడే. శవం కాళ్ల దగ్గర కాసేపు కూర్చుంది. అతని భార్యను దగ్గరకు తీసుకుని ఓదార్చింది. అతను "అక్కా" అంటూ ఎదురొస్తే, పక్కకు తప్పుకుని చెప్పులు వేసుకుంది.