ఇంటాయన లోపల, తాళంచెవి కొత్తగూడెంలో

ముప్పై ఏళ్లు నౌకరీ చేసిన పెద్దమనిషికి ప్లాంటులో జరగాల్సిన సన్మానాన్ని ఆయన ఇంటి కిటికీ దగ్గర జరిపించిన ఘనుణ్ణి నేను. ఇందులో దొంగల చేయి లేదు, శత్రువుల కుట్ర లేదు. అంతా నా బాధ్యత వల్లే జరిగింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పెనుబల్లి నుంచి వచ్చి కొత్తగూడెంలో ఒక ఆఫీసులో చేరాను. పాల్వంచలో ఒక ఇంటిని ఆనుకుని, వేరే తలుపున్న గది దొరికింది. దొరికింది అంటే తేలిగ్గా తీసుకోకండి. పెళ్లికాని వాడికి పిల్లనైనా ఇస్తారు గానీ గది ఇవ్వరు. ఇంటావిడ సలోమి ఆంటీ అరగంట ప్రశ్నలు వేసి, చివరికి ఒక్కటే షరతు పెట్టింది.

"నీకంటే ముందున్నోడు తలుపు బార్ల తీసి పోయేటోడు. కోతులొచ్చి బియ్యం డబ్బా బోర్లిచ్చినయ్. నువ్వు గట్ల చేసినవంటే ఆ రోజే ఖాళీ చెయ్యాలె."

"నేనుండగా మీ ఇంటి తలుపు తెరిచి ఉండదు ఆంటీ," అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆమె భర్త దేవదానం అంకుల్ పాల్వంచ కరెంటు ప్లాంటులో ఆపరేటర్. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యంగా పోలేదట. కోతుల బాధ పడలేక వెనక వరండా అంతా ఇనుప జాలీ బిగించాడు. ముందు తలుపు తప్ప ఇంటికి వేరే దారి లేదు. దానికున్న పాత తాళం నాకు నచ్చలేదు. కొబ్బరికాయంత కొత్త తాళం కొనితెచ్చి, రెండు చెవులతో సహా గుమ్మం పక్క మేకుకు తగిలించాను. ఎవరూ అడగలేదు.

అంకుల్ రిటైరయ్యే రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి సన్మానం. ఉదయం తొమ్మిదింటికి నేను బయల్దేరుతూ చూస్తే వాళ్ల తలుపు దగ్గరగా వేసి ఉంది, గొళ్లెం పెట్టలేదు. వాళ్ల స్కూటర్ లేదు. "ఆంటీ," అని మెల్లగా పిలిచాను. పలుకు లేదు. సన్మానం హడావిడిలో ఇద్దరూ తలుపు మరిచి వెళ్లారు, ఇంటిని కాపాడే భాగ్యం నాకు దక్కింది అనుకున్నాను. తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, రెండు చెవులూ జేబులో వేసుకుని బస్సెక్కాను.

ఆ గుమ్మం పక్కనే అంకుల్ షిఫ్టుల చార్టు అంటించి ఉంటుంది. పాలు పోసే ఆమె కూడా అది చూశాకే గట్టిగా పిలవాలో వద్దో తేల్చుకుంటుంది. నేను చూడలేదు. ఆ వారం అంకుల్‌ది నైట్ షిఫ్టు. ఆఖరి డ్యూటీ చేసొచ్చి లోపల గాఢనిద్రలో ఉన్నాడు. స్కూటర్ మీద పోయింది ఆంటీ, మిఠాయిలు తేవడానికి.

ఆఫీసులో మీటింగు. అక్కడ కూడా బాధ్యత గలవాణ్ణే కదా, ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. రెండున్నరకు చూస్తే ఇరవై ఆరు మిస్డ్ కాల్స్. మెచ్చుకోవడానికి ఇన్నిసార్లెందుకు అని సిగ్గుపడుతూ ఫోన్ చేశాను.

"శీనూ, తాళం ఎవరేసిండ్రు?"

"నేనే ఆంటీ. మీరు మర్చిపోయారు గదా."

"అంకుల్ లోపటున్నడు."

"లోపల ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తడు, జాలీ పట్టుకొని నిలబడ్డడు. కోతులు గోడ మీద కూసొని చూస్తున్నయ్."

"తాళం పగలగొట్టించండి ఆంటీ."

"పదకొండింటి సంది గదే పని. రెండు సుత్తెలు ఇరిగినయ్. వెల్డింగాయన ఊరికి పోయిండు. గింత గట్టి తాళం నిన్నెవరు తెమ్మన్నరు?"

బస్సులో నిజంగా ఏడుపొచ్చింది. గది పోతే పోనీ, ఆ మనిషికి జీవితంలో ఒక్కసారే వచ్చే రోజును నేను నాశనం చేశాను. నాలుగింటికి చేరేసరికి ఇంటి ముందు జనం. అంకుల్ రాకపోయేసరికి ప్లాంటువాళ్లే వచ్చేశారు. ఊచల సందులోంచి శాలువా లోపలికి దూర్చారు. దండ దూరక కిటికీకే వేశారు. ఒకాయన ఉపన్యాసం ఇస్తున్నాడు.

"ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు లేటు కాని మనిషి. ఇయ్యాలనే ఫస్టుసారి లేటైండు. అది గూడ ఇంట్లనే ఉండి."

నేను తలదించుకుని తాళం తీశాను. అంకుల్ శాలువాతో బయటికొచ్చి నా భుజం తట్టి, "నిద్రయితే మంచిగ పట్టిందిరా," అన్నాడు.

ఆంటీ నా చేయి పట్టుకుని పక్కనున్న నా గది దగ్గరికి తీసుకెళ్లింది. వాళ్ల తలుపుకు తాళం వేసిన గర్వంలో నా తలుపు బార్లా తెరిచి పోయాను. మంచం మీద ఒక కోతి నా అరటిపండ్లు వలుచుకుంటోంది.

"ఇగ నువ్వు ఖాళీ చెయ్యి బిడ్డా. ఈ రూము దానికే కిరాయికిస్త. అదన్న ఎవ్వల్ని లోపట పెట్టి తాళమెయ్యదు."

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను, ఈ జన్మలో లోపల ఎవరున్నారో చూడకుండా తాళం ముట్టనని. ఇప్పటికీ సొంత ఇంట్లో మంచాల కింద కూడా వెతికి, "అంకుల్, ఉన్నారా?" అని మూడుసార్లు కేకేశాకే తాళం వేస్తాను. ఆ అంకుల్ ఎవరో మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.