ఐదో వేలిముద్ర

యలమంద మిరప పువ్వొకటి తుంచి అరచేతిలో దులిపాడు. నల్లటి చుక్కలు నాలుగు కదిలాయి.

"నల్లతామర పురుగు. చూశావా లిడియమ్మా? ఇంకో మూడు రోజులాగితే రెండెకరాల్లో పూతుండదు. నీ మిషనెందుకు మరి, కాకుల్ని తోలటానికా?"

లిడియా మళ్ళీ ఫోన్ తెరిచింది. ప్రత్తిపాడు పొలాల పటంలో యలమంద చేనొక్కటే ఎర్రగా ఉంది. దానిమీద ఒకే వరస: తోమా డ్రోన్ గాలిలో ఉంది.

తోమా ఆమె తమ్ముడు. పోయి పంతొమ్మిది రోజులైంది.

మిరపకాయల కోతకు కూలికి పోయే లిడియా గుంటూరులో శిక్షణ తీసుకుని డ్రోన్ పైలట్ అయింది. మరుసటేడు తమ్ముడికీ ఆమే నేర్పింది. తోమా ప్రతిదీ రెండుసార్లు సరిచూసుకునే మనిషి. తలుపు గడియ పెట్టి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేవాడు.

నిరుడు పక్కపక్క చేలల్లో రెండు డ్రోన్లు ఢీకొని, ముక్కలు కూలీల మధ్య పడ్డాయి. ఆ భయంతో చుట్టుపట్ల పైలట్లు ఐదుగురూ కలిసి బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టా పెట్టుకున్నారు. ఎవరి డ్రోన్ ఏ చేనుమీద ఉందో ఐదు ఫోన్లలోనూ ఒకేసారి పడుతుంది. లేపినవాడే వేలిముద్ర వేసి దిగిందని చెప్పాలి. అప్పటిదాకా ఆ చేనుమీదికి మరొకటి పోదు. పడినదాన్ని తీసేయాలంటే ఐదుగురి వేలిముద్రలూ కావాలి.

"నలుగురు చాల్లేరా," అన్నాడు ఆ ఐదుగురిలో ఒకడైన మీరావలి ఆనాడు.

"నలుగురూ ఏకమై ఐదోవాణ్ణి ముంచితే?" అని పట్టుబట్టింది తోమాయే.

చనిపోయిన రోజు ఉదయం తోమా ఈ చేనుమీదే డ్రోన్ లేపి, గట్టున కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు. డ్రోన్ మాత్రం మందంతా కొట్టి, తిరిగొచ్చి, అతని చెప్పుల పక్కన బుద్ధిగా దిగింది.

ఆ వరసను తీసేయటానికి మిగిలిన నలుగురూ వేలిముద్రలు వేశారు. ఐదో గడి ఖాళీ. ఆ చిట్టా తయారుచేసిచ్చిన కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే, "మేం కూడా మార్చలేం మేడమ్. అందుకేగా దాన్ని నమ్మేది. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోండి, నెల పడుతుంది," అన్నారు మర్యాదగా.

"పోనీ, ఆ ఫోన్ అవతల పెట్టి ఎగరెయ్. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు యలమంద.

"అది ఒప్పుకుంటేనే రెక్కలు తిరిగేది బాబాయ్."

"పెట్టెలో పెట్టకముందే వాడి వేలు ఆనించుంటే పోయేదిగదమ్మా," అనేసి యలమంద నాలుక కరుచుకున్నాడు.

లిడియా కోప్పడలేదు. ఆ సంగతి ఆమెకూ తట్టింది, సమాధుల తోటలో. అప్పటికే మట్టి వేస్తున్నారు.

"నీ తమ్ముడు మంచోడే. కానీ నా చేనెక్కి కూర్చున్నాడు," అని గొణుక్కుంటూ యలమంద ఇంటికెళ్ళి, వీపున తగిలించుకునే పంపులు రెండు తెచ్చాడు. కూలీలెవరూ దొరకలేదు. లిడియా అడక్కుండానే ఒకటి తగిలించుకుంది.

చేను నడుమెత్తు పెరిగి సాళ్ళు కలిసిపోయాయి. అడుగేస్తే చాలు, పూతతో ఉన్న కొమ్మలు పుటుక్కున విరుగుతున్నాయి. మధ్యాహ్నానికి ఆరు సాళ్ళయ్యాయి. పురుగు తినేదెంతో, తాము తొక్కేదెంతో ఆమెకు తెలియలేదు.

పక్క చేలో మీరావలి డ్రోన్ లేచింది. మందు కొట్టుకుంటూ గట్టుదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగింది.

"చూడు, నీ తమ్ముడికి దారిస్తోంది," అన్నాడు యలమంద.

లిడియా తలెత్తి చూసింది. చేనుమీద ఏమీ లేదు. పంపు సరిచేసుకుని ఏడో సాలులో అడుగుపెట్టింది. కొమ్మ విరిగింది.